బారువ తీరంలో సందర్శకులను లెక్కపెట్టేదెలా? గేటు లేదు, టికెట్ లేదు

ఉద్దానం_తీరం

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా బారువ వైపు సుమారు మూడు కిలోమీటర్ల తీరం మా చూపులో ఉంది. ఒక చివర మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే వైపు. మధ్యలో జనం దిగే బీచ్ 650 మీటర్లు ఉంటుంది. దాన్ని దాటితే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక, అక్కడే ఆ గుడ్లను తెచ్చి కంచె లోపల పొదిగించే హ్యాచరీ. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎంతమంది వస్తున్నారో, వాళ్లలో ఎంతమంది ఆ గుడ్ల ఇసుక మీదికి వెళ్తున్నారో లెక్క కావాలి.

ఇప్పటిదాకా నడిచిన పద్ధతి ఏమిటంటే, ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒకరు గట్టు మీద నిలబడి "ఓ వెయ్యి మంది ఉంటారు" అని రాస్తారు. దాన్నే నెలకు పెంచేస్తారు. అది లెక్క కాదని మాకూ తెలుసు.

చిక్కులు ఇవీ. లోపలికి నాలుగు దారులున్నాయి, అందులో ఒకటి సరుగుడు తోటలోంచి వచ్చే కాలిబాట. ఊరి మత్స్యకారులూ చూడవచ్చినవాళ్లూ ఒకే ఇసుక మీద ఉంటారు. కార్తీకంలో వనభోజనాలకు వచ్చేవాళ్లు సగంమంది కొబ్బరి, జీడి తోటల్లోనే ఉండిపోతారు. రాత్రిపూట వచ్చేవాళ్ల సంగతి అసలే తెలియదు. చేతిలో ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరు వారానికి రెండు రోజులు. డబ్బు ముప్పై వేలకు మించదు. దారి దగ్గర ఒక సెన్సరు మిషను పెడితే సరిపోతుందా?

నమూనా_లెక్క

మిషను మాట తర్వాత చూద్దాం మాస్టారూ. ముందు లెక్కపెట్టేది ఏమిటో తేల్చుకోండి. "ఎంతమంది" అన్న ఒక్క మాటలో మూడు వేరువేరు అంకెలున్నాయి. మొదటిది, ఒక సమయానికి ఇసుక మీదా నీళ్లలోనూ ఉన్న తలలు. రెండోది రాకలు: ఒకే మనిషి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తే రెండు రాకలు. మూడోది మనిషి-గంటలు. ఉపాధి హామీలో పనిదినాలు కట్టినట్టే, ఒకరు రెండు గంటలుంటే రెండు. పైవాళ్లు అడిగేది రెండోది. ఇసుక తొక్కుడుకూ చెత్తకూ దగ్గరగా నడిచేది మూడోది. మీ ముగ్గురూ చేత్తో తీయగలిగింది మొదటిది ఒక్కటే. దాన్నుంచే మిగతా రెండూ రాబట్టాలి.

పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకా 12 గంటల్ని రెండేసి గంటల ముక్కలు ఆరు చేయండి. ప్రతి ముక్కలో ఒక్కసారి తలలు లెక్కపెట్టండి. ముక్కలో ఏ నిమిషానికి మొదలుపెట్టాలో ముందురోజే చీటీ తీసి కాగితం మీద రాసుకోవాలి. అక్కడికి వెళ్లాక "కాస్త జనం చేరాక మొదలెడదాం" అనుకుంటే అంకె పైకి జారుతుంది. ఐదింటి లెక్కతో మీకు జరిగింది అదే.

650 మీటర్లు మామూలు నడకతో పది నిమిషాల్లోపే అయిపోతుంది. చేతిలో నొక్కే టాలీ కౌంటరు పట్టుకుని తడి ఇసుకకూ పొడి ఇసుకకూ మధ్య గీత వెంట నడవండి. మీరు దాటిన ప్రతి మనిషినీ కలపండి. వెనక నుంచి వచ్చి మిమ్మల్ని దాటిపోయినవాళ్లను తీసేయండి. వెనక్కి తిరిగి చూసి మళ్లీ లెక్కపెట్టొద్దు. ఒకసారి ఉత్తరం నుంచి మొదలుపెడితే మరోసారి దక్షిణం నుంచి మొదలుపెట్టండి.

ఒక ఆదివారం ఆరు లెక్కలు 40, 22, 10, 18, 95, 145 అని వచ్చాయనుకోండి. మొత్తం 330, సగటు 55. సగటును 12 గంటలతో గుణిస్తే 660 మనిషి-గంటలు. వచ్చినవాళ్లు సగటున గంటన్నర ఉంటున్నారని తేలితే 660ని 1.5తో భాగించాలి, 440 రాకలు. ఐదింటికి నిలబడినవాడికి 145 తలలు కనబడతాయి, కనుచూపులో అది "ఓ మూడొందలు" అవుతుంది. అసలు రాకలు రెండిటికీ పొంతన లేని 440.

ఇందులో ఎక్కువమంది బోల్తాపడేది ఆ గంటన్నర దగ్గర. ఇసుక మీద కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లి "ఎంతసేపున్నారు, ఇంకెంతసేపు ఉంటారు" అని అడగకండి. ఎందుకో చూడండి. వచ్చేవాళ్లలో సగంమంది అరగంట, సగంమంది మూడు గంటలు ఉంటారనుకుందాం. అసలు సగటు 1.75 గంటలు. కానీ మీరు ఎప్పుడు ఇసుక మీదికి వెళ్లినా అరగంటవాళ్లు ఒకరు కనిపిస్తే మూడు గంటలవాళ్లు ఆరుగురు కనిపిస్తారు. ఆ ఏడుగురినీ అడిగితే సగటు 2.64 వస్తుంది. దానితో భాగిస్తే మీ రాకలు మూడోవంతు తగ్గిపోతాయి. అందుకని బండి తీసేచోట నిలబడి, తిరిగి వెళ్లేవాళ్లను అడగాలి. అదీ "ఎంతసేపున్నారు" అని కాదు, "ఎన్నింటికి వచ్చారు" అని. వెళ్లే సమయం మీ గడియారం చూసి మీరే రాసుకోండి. సేపు అడిగితే అందరూ గంట, రెండు గంటలు అని ఉజ్జాయింపు లెక్క చెబుతారు. ఆదివారాలకు విడిగా ముప్పై గుంపులు, మామూలు రోజులకు విడిగా ముప్పై గుంపులు తగ్గకుండా అడగండి. సగటు తీసేటప్పుడు గుంపును ఒకటిగా కాక, అందులోని తలలతో గుణించి తీయండి. పెద్ద గుంపులు ఎక్కువసేపు ఉంటాయి.

తీగలు_బోర్డులు

సెన్సరు ఒక్కటే పెడితే సరిపోదు. నాలుగు దారుల్లో మూడు వెడల్పాటివి, వాటి మీద చవక సెన్సర్లు నమ్మకంగా పనిచేయవు. సరుగుడు తోట కాలిబాట మీద మాత్రం పెట్టొచ్చు. హ్యాచరీ వైపు వెళ్లేది ఆ దారే అయితే తప్పకుండా పెట్టండి.

ముందుగా బాటను ఒక్క మనిషి పట్టేంత ఇరుకు చేయండి. రెండు వెదురు గుంజలు, అడ్డంగా కొబ్బరి తాడు చాలు. ఇద్దరు పక్కపక్కన నడిస్తే మిషనుకు ఒక్కరే. సెన్సరు ఎత్తు నడుము దగ్గర, 80 నుంచి 100 సెంటీమీటర్లు. ఇంకా కిందికి పెడితే కుక్కలూ మేకలూ లెక్కలోకి వస్తాయి, పైకి పెడితే పిల్లలు తప్పిపోతారు.

ఒంటి వేడిని పట్టే రకం సెన్సరు అయితే దాని మొహం తూర్పుకు, సముద్రం వైపుకు పెట్టకండి. పొద్దు పొడిచేటప్పుడు ఎండ నేరుగా పడి ఊరికే అంకెలు పెరుగుతాయి. వెనకాల కదలనిది ఏదైనా ఉండాలి, లావాటి సరుగుడు మాను మంచిది. చిన్న కొమ్మలు గాలికి ఊగితే అవీ లెక్కే. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి వేడి ఒంటి వేడికి దగ్గరవుతుంది, అప్పుడు మనిషికీ వెనకనున్న వాటికీ తేడా చాలక మిషను కొందరిని వదిలేస్తుంది. మధ్యాహ్నం అంకె తగ్గిందంటే జనం తగ్గారని అప్పుడే అనుకోవద్దు.

సొంతంగా చేసుకుంటే ఈఎస్‌పీ 32 అనే చిన్న కంప్యూటరు బోర్డుకు హెచ్‌సీ-ఎస్‌ఆర్ 501 అనే ఒంటి వేడి సెన్సరు తగిలించేవాళ్లున్నారు. ఖర్చు తక్కువే. కానీ దాని చూపు చాలా వెడల్పు, ముందు అరచేతి పొడవు పీవీసీ గొట్టం పెట్టి ఇరుకు చేయాలి. ఇంకో సంగతి, ఒకసారి పట్టాక కొన్ని సెకన్లు అది మళ్లీ పట్టదు. వరసగా ఆరుగురు వెళ్తే రెండో మూడో పడతాయి. అవతలి గుంజ నుంచి ఇవతలి గుంజకు కిరణం వేసి, అది తెగినప్పుడు లెక్కపెట్టే రకం మేలు. అలాంటివి రెండు జతలు పక్కపక్కన, అరడుగు ఎడంతో పెడితే ఏది ముందు తెగిందో చూసి లోపలికా బయటికా తెలుస్తుంది.

ఉప్పుగాలి సంగతి మరవొద్దు. మామూలు జింకు పూత మరలు ఒక్క సీజనులో తుప్పు పట్టి విప్పడానికి రావు, 316 స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. పెట్టె లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, బ్యాటరీ కొసలకు వ్యాసలీను. అద్దం మీద ఉప్పు పొర కడుతుంది, పదిహేను రోజులకోసారి మంచినీళ్ల గుడ్డతో తుడిచి, అప్పుడే అంకె రాసుకోండి.

ఇంత చేసినా మిషను చెప్పింది అసలు లెక్క కాదు. పక్కన మనిషి కూర్చుని గంట చొప్పున కనీసం పదిసార్లు చేత్తో లెక్కపెట్టాలి, ఖాళీ వేళలూ రద్దీ వేళలూ రెండూ వచ్చేలా. చేతి లెక్క 412, మిషను లెక్క 338 అయితే సవరణ 1.22. వారానికి మిషను 2,400 చూపిస్తే 2,928 దాటడాలు. అందరూ అదే దారిన వెళ్లి అదే దారిన వస్తేనే దాన్ని సగం చేయాలి, 1,464 రాకలు. ఒక దారిన వెళ్లి బీచ్ మీదుగా తిరిగి వచ్చేవాళ్లు ఎక్కువైతే ఆ సగం తప్పు. రద్దీ వేళల సవరణ విడిగా తీయండి, అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

కెమెరా పెట్టాలనుకుంటే ఎత్తున, దూరంగా, మొహాలు పోల్చలేనంత మసక బొమ్మతో, పది నిమిషాలకొక ఫోటో. అక్కడ ఆడవాళ్లు సముద్రస్నానం చేసి తడిబట్టలు మార్చుకుంటారు. మొహాలు తెలిసే బొమ్మ ఒక్కటి కూడా మీ దగ్గర ఉండకూడదు. కెమెరా ఉందని, ఎందుకుందో తెలుగులో బోర్డు రాసి పెట్టాలి.

గుడ్ల_కాపలా

పగటి లెక్క పైన ఇద్దరూ బాగా చెప్పారు. తాబేలుకు ముఖ్యం రాత్రి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తల్లి తాబేలు ఒడ్డెక్కేది చీకట్లోనే. వెలుతురు, అలికిడి ఉంటే గుడ్లు పెట్టకుండానే నీళ్లలోకి తిరిగిపోతుంది. కాబట్టి రాత్రి పది మంది వచ్చినా పగలు వెయ్యి మంది కంటే ఎక్కువ చేటు. రెండు అంకెల్నీ కలిపి ఒకే మొత్తంగా రాయొద్దు, రాత్రికి వేరే పట్టీ పెట్టండి.

రాత్రి తలలు కనబడవు, కాబట్టి వెలుగుల్ని లెక్కపెట్టాలి. గట్టు మీద ఒకే చోట కూర్చుని, రాత్రి 8 నుంచి 11 దాకా అరగంటకోసారి, గుడ్ల ఇసుక మీద కదిలే టార్చీలు, సెల్‌ఫోన్ లైట్లు, బండి లైట్లు ఎన్నో విడివిడిగా రాయండి. మీ చేతిలో తెల్ల టార్చి ఉండకూడదు, ఎర్ర కాగితం చుట్టింది చాలు. దీన్ని మనుషుల సంఖ్యగా మార్చే ప్రయత్నం చేయొద్దు. "గంటకు ఇన్ని వెలుగులు" అని అలాగే ఉంచండి. ఈ నెల కంటే వచ్చే నెల తగ్గిందా పెరిగిందా అన్నది దాంట్లోనే తెలిసిపోతుంది.

అడుగుజాడల పద్ధతి కూడా ఉంది. హ్యాచరీ వైపు మళ్లేచోట, దారికి అడ్డంగా మీటరు వెడల్పు ఇసుకను సాయంత్రం పలకతో చదును చేయండి. తెల్లవారుజామున జాడలు చూడండి. గాలి ఎక్కువున్న రాత్రి చెరిగిపోతాయి, ఆ రోజు ఖాళీ వదిలేయాలి తప్ప సున్నా రాయకూడదు. చదును చేసేది కాలిబాట మీదే, గుడ్ల ఇసుకను ఎక్కడా కదిలించొద్దు. మోటారు సైకిలు చక్రాల గాడులు కనిపిస్తే వాటికి ఇంకో గడి పెట్టండి. గుడ్లు పగలడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. హ్యాచరీకి చేరని గూళ్లలోంచి పిల్లలు బయటికి వచ్చినప్పుడు ఆ గాడిలో పడి సముద్రం వైపు పోలేక గాడి వెంటే నడుస్తాయి, పొద్దెక్కితే కాకుల పాలు. మనుషుల జాడల కంటే నేను ముందు చూసేది ఈ గాడుల గడినే.

మత్స్యకారుల సంగతి. వాళ్లను సందర్శకుల్లో కలపొద్దు, అలాగని వదిలేయనూ వద్దు, వేరే గడిలో రాయండి. నావ దగ్గర, వల దగ్గర, చేపల గంప దగ్గర ఉన్నవాళ్లు ఆ గడిలోకి. పెద్ద వల లాగేటప్పుడు చుట్టూ చేరి చూసేవాళ్లు మాత్రం సందర్శకులే. ఇంకొకటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పటినుంచి మోటారు నావలన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకునేవాళ్లు రోజంతా ఇసుక మీదే ఉంటారు. ఈ గడి లేకపోతే ఏప్రిల్ రెండో సగంలో "సందర్శకులు పెరిగారు" అని తప్పుగా తేలుతుంది.

చింతపల్లి_గట్టు

విజయనగరం వైపు పూసపాటిరేగ మండలం తీరానికి సంబంధించిన మాట ఒకటి చెబుతాను. మనిషిని కాక బండిని లెక్కపెట్టడం కార్తీకంలో తేలిక. తోటల్లో కూర్చున్నవాళ్లు ఇసుక మీద నడిచేవాడికి ఎలాగూ కనబడరు, బండి మాత్రం ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. రకాన్ని బట్టి విడివిడిగా రాయండి: మోటారు సైకిలు, కారు, ఆటో, ట్రాక్టరు, బస్సు. ఒక్కో రకానికీ దిగేటప్పుడు ఎంతమంది దిగారో ఇరవై ముప్పై బండ్లకు చూసి సగటు తీసుకోండి. ఈ సగటు వనభోజనాల ఆదివారానికీ మామూలు ఆదివారానికీ ఒకటి కాదు. ట్రాక్టరు తొట్టెలో ఒక వీధి వీధంతా దిగుతుంది. సర్వీసు బస్సు దిగి నడిచి వచ్చేవాళ్లు ఇందులో రారు, వాళ్లను వేరేగా చూడాలి.

నంబరు పలకలు చూసి ఏ జిల్లావాళ్లో రాసేస్తున్నారు కొందరు. పాత బండ్లకు ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం, ఏపీ 31 విశాఖ అని తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక కొత్త బండికి ఆ గుర్తు లేదు. ఒడిశా ఓడీ మాత్రం తెలుస్తుంది. ఊరు కావాలంటే అడగడమే మేలు.

డ్రోను ఎవరైనా చెబితే వద్దనండి. అనుమతుల సంగతి అటుంచి, ఒడ్డున మేసే పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోతాయి. కాపాడాల్సిన వాటిని బెదరగొట్టి తెచ్చే లెక్క మనకెందుకు?

ఉద్దానం_తీరం

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. రెండు అనుమానాలు. రోజూ లెక్కపెట్టలేం కదా, కొన్ని రోజుల లెక్కను సీజను మొత్తానికి ఎలా పెంచాలి? కార్తీక పౌర్ణమి, మహాశివరాత్రి లాంటి రోజుల్లో ఆరు లెక్కల పద్ధతి పనికొస్తుందా?

నమూనా_లెక్క

పెద్ద స్నానాల రోజుల్లో పనికిరాదు. జనమంతా తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఏడింటి లోపు వచ్చి స్నానం చేసి, దీపం వదిలి వెళ్లిపోతారు. మీ ఆరు లెక్కల్లో ఒక్కటే ఆ సమయంలో పడుతుంది, అదీ పడితే. ఆ రోజు నాలుగు దారుల దగ్గరా నిలబడి లోపలికి వచ్చేవాళ్లను ప్రతి అరగంటలో పది నిమిషాలు లెక్కపెట్టి మూడుతో గుణించండి. ముగ్గురే ఉంటే కాలేజీ పిల్లల్ని ఆ ఒక్క పూటకు అడగండి. అప్పటికీ చాలకపోతే 300 మీటర్ల స్నానాల ఒడ్డున 20 మీటర్లకొక వెదురు గడ పాతండి, 15 అరలు వస్తాయి. మొదట ఒక చీటీ తీసి, అక్కణ్నుంచి మూడు అరలకొకటి చొప్పున 5 అరల్లో లెక్కపెట్టి మూడుతో గుణిస్తే ఆ సమయానికి ఉన్న తలలు వస్తాయి. మెట్ల దగ్గరి ఒత్తైన అర ఒక్కటే లెక్కపెట్టి అన్నిటికీ పెంచడం పెద్ద తప్పు.

ఇక సీజను. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా 181 రోజులు. వీటిని మూడు కుప్పలు చేయండి. పెద్ద రోజులు: కార్తీక పౌర్ణమి, జనవరి 1, కనుమ, మాఘ పౌర్ణమి, శివరాత్రి, ఇలా ఎనిమిది అనుకుందాం. మిగిలిన ఆదివారాలూ సెలవులూ 26. మామూలు రోజులు 147. పెద్ద రోజులు ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టాలి. ఆదివారాల్లో సగం, 13. మామూలు రోజుల్లో నెలకు నాలుగు చొప్పున 24, ఏవో చీటీ తీసి తేల్చాలి. మీకు వీలున్న బుధవారాలే తీసుకుంటే బుధవారాల లెక్కే వస్తుంది. కార్తీకం ఆదివారాలు మిగతావాటికి పోలిక లేనంత ఎక్కువైతే వాటిని నాలుగో కుప్ప చేయండి.

అంకెలతో చూపిస్తాను, ఇవి ఉదాహరణకు వేసుకున్నవే. మామూలు రోజు సగటు 120 రాకలైతే 147 రోజులకు 17,640. ఆదివారం సగటు 440 అయితే 26కు 11,440. ఎనిమిది పెద్ద రోజులూ కలిపి 14,600. మొత్తం 43,680. మూడోవంతు ఎనిమిది రోజుల్లోనే వచ్చింది చూడండి, అందుకే వాటిని వదలొద్దన్నాను.

ఈ మొత్తం పక్కన ఎంత అటూఇటో కూడా రాయాలి. మామూలు రోజుల మధ్య ప్రామాణిక విచలనం (ఒక్కో రోజు లెక్క సగటుకు ఎంత అటూఇటుగా ఉంటుందో చెప్పే అంకె) 60 అనుకుంటే, 60ని 24 వర్గమూలంతో భాగించి, 147తో గుణించి, లెక్కపెట్టిన భాగానికి తగ్గింపుగా (1 − 24/147) వర్గమూలంతో గుణిస్తే సుమారు 1,650. ఆదివారాలకు విచలనం 150 అయితే అదే తీరున సుమారు 765. రెండిటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 1,820 దగ్గర. దానికి రెట్టింపు, 3,600. కాబట్టి "సుమారు 44 వేలు, 40 వేలకూ 47 వేలకూ మధ్య" అని రాయాలి. ఒంటి అంకె 43,680 అని రాస్తే వచ్చే ఏడాది 42,900 వచ్చినప్పుడు "సందర్శకులు తగ్గారు" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. ఆ తేడాకు అర్థం లేదు.

సెన్సరు ఇక్కడ పనికొస్తుంది. అది రోజూ నడుస్తుంది, మీరు కొన్ని రోజులే వెళ్తారు. మీరు వెళ్లిన 13 ఆదివారాల్లో చేతి లెక్క రాకలు 5,720, అవే రోజుల్లో సెన్సరు 2,600 అయితే నిష్పత్తి 2.2. మీరు వెళ్లని ఆదివారం సెన్సరు 190 చూపిస్తే 418 రాకలు. ఈ నిష్పత్తి కార్తీకంలో చెల్లదు, అప్పుడు జనం తోటల దారిన వస్తారు. చింతపల్లి వారు చెప్పిన బండ్ల లెక్కే అప్పటికి వాడండి.

గుడ్ల_కాపలా

పట్టీలో ఈ గడులు ఉంచండి: తేదీ, మొదలుపెట్టిన నిమిషం, నడిచిన దిక్కు, ఆటు పోటుల్లో ఏది, ఇసుక మీద సందర్శకులు, నీళ్లలో సందర్శకులు, మత్స్యకారులు, గుడ్ల ఇసుక మీద ఉన్నవాళ్లు, బండి గాడులు, లెక్కపెట్టిన మనిషి గుర్తు. పోటు ఎందుకంటే, నిండు పోటున ఇసుక సన్నబడి జనం పైకి, గుడ్లున్న వైపుకి జరుగుతారు. అదే సంఖ్య జనం ఆటున ఉన్నప్పటికంటే అప్పుడే ఎక్కువగా గూళ్ల మీద నడుస్తారు. హ్యాచరీ కంచెకు 50 మీటర్ల లోపు ఉన్నవాళ్లను గుర్తుపట్టేందుకు రెండు వైపులా ఎర్ర రంగు వేసిన గుంజ ఒక్కొక్కటి పాతండి, అంచనా మీద వదలొద్దు. నవంబరు మొదటి ఆదివారం ముగ్గురూ కలిసి ఒకే లెక్క విడివిడిగా తీసి పోల్చుకోండి. పదిలో ఒకటి కంటే ఎక్కువ తేడా వస్తే ఎవరు ఎక్కడ వదిలేశారో ఆ రోజే ఇసుక మీద నడిచి చూసుకోవాలి.